గుద్దుడంతా వంటింట్లోనే

మొన్న ఆదివారం, మొయినాబాదు దాటి చిల్కూరు వైపు మళ్ళే దారిలో మా బామ్మర్ది కట్టుకున్న కొత్త విల్లాకు వెళ్తే, అక్కడ హాలు పక్క గదిలో ఒక ఇంజనీరు నాలుగు కాళ్ల మీద పాకుతూ కనిపించాడు. మెడలో కంపెనీ కార్డు నేలకు రాసుకుంటోంది. హోమ్ థియేటర్ బిగించడానికి వచ్చాడట. సబ్‌వూఫర్‌ను, అంటే మన కాలంలో అందరం ఊఫరు అని పిలుచుకున్న ఆ బరువు పెట్టెను, దర్జాగా సోఫా మీద కూర్చోబెట్టి, తాను మాత్రం చెవి నేలకు ఆనించి గోడల వెంట తిరుగుతున్నాడు. ఎక్కడ దాని దబదబ గుద్దుడు బాగా వినిపిస్తే పెట్టెను అక్కడికి తెచ్చి పెడతాడట. గది నడిమధ్యలో గుద్దుడు చచ్చిపోతుందని, అది శాస్త్రమని, మోకాళ్లు దులుపుకుంటూ నాకు బోధించాడు. మా బామ్మర్ది అయితే చంటిబిడ్డ మొదటిసారి పాకుతుంటే చూసినంత మురిపెంగా చూస్తున్నాడు. పైగా ఆ కంపెనీ వాళ్లు చెప్పిన ధరకు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నానని గొప్పగా చెప్పుకున్నాడు. దుకాణాల మధ్య పుట్టి పెరిగినవాడిని, నా చెవికి అది బూతుమాట కంటే హీనంగా తగిలింది.

లోలోపల నవ్వుకున్నాను గానీ, ఆ నడిమధ్య అన్న మాట దగ్గర నా నవ్వు ఆగిపోయింది. ఇదే బామ్మర్ది వాళ్ల నాయన, అంటే మా మేనమామ ఇంట్లో నేను వెలగబెట్టిన ఘనకార్యానికి కారణమేమిటో ఇరవై ఏళ్లకు ఇప్పుడు అర్థమైంది.

అప్పట్లో నేను చేవెళ్లలో, మా బాపు కిరాణా దుకాణం పక్కన సగం షట్టరంత జాగాలో టీవీలు, స్పీకర్ల సెట్లు అమ్మడం మొదలుపెట్టాను. తూకానికి రాని సరుకంటే బాపుకు చిన్నచూపు. దసరా దాకా చూస్తానని, నడవకపోతే షట్టరు దించి వచ్చి తక్కెడ ముందు కూర్చోవాలని గడువు పెట్టాడు. దసరాకు నెల కూడా లేదనగా మొయినాబాదులో మామ, ప్లాట్ల వెంచరు వాళ్లకు పొలం అమ్మి కట్టిన రెండంతస్తుల ఇంట్లో, గృహప్రవేశానికి అయిదు స్పీకర్ల సెట్టు బిగించమన్నాడు. ఆ రోజు వచ్చే చుట్టాల్లో సగం మంది పొలాలు అమ్ముకుని ఏం కొనాలా అని చూస్తున్నవాళ్లే. అక్కడ సెట్టు మోగితే నా షట్టరు నిలుస్తుంది, మోగకపోతే ఇక జన్మంతా కందిపప్పు పొట్లాలు.

మామ నాకంటే గట్టి బేరగాడు. అల్లుడివని చెప్తున్నానంటూ మొదలుపెట్టి, ఆ అల్లుడికి చాయ్ ఖర్చు కూడా మిగలకుండా బేరం తెగ్గొట్టాడు. ఇక మిగిల్చుకునేది వైరులోనే అని తేలింది నాకు. గదిని అడుగులతో ఈ గోడ నుంచి ఆ గోడకు తిన్నగా కొలిచి, కోఠిలో వైర్ల దుకాణం వాడి ప్రాణం తీసి, జానెడు కూడా ఎక్కువ కాకుండా కోయించి, నా తెలివికి నేనే మురిసిపోతూ బస్సెక్కాను. వైరు గాలిలో ఎగిరి పోదని, గోడ వెంట పోయి, దర్వాజా చుట్టూ ఎక్కి దిగి పోవాలని మాత్రం ఆ తెలివికి తట్టలేదు.

గృహప్రవేశం నాడు, కూర్చున్నవాళ్ల వెనక ఉండాల్సిన రెండు స్పీకర్లు గది సగానికి వచ్చి ఆగిపోయాయి. బుద్ధి ఉన్నవాడైతే రోడ్డు మీదికి పోయి ఇంకో నాలుగు గజాల వైరు కొనుక్కొచ్చేవాడు. నేను సోఫాను ముందుకు జరిపాను. సోఫా నడిగదికి వచ్చింది, స్పీకర్లు దాని వెనక్కి వచ్చాయి, పెద్దలందరూ టీవీని వాసన చూస్తున్నట్టు కూర్చున్నారు.

పాట పెట్టాను. మామ కాసేపు చెవులు రిక్కించి, నిండు సభలో అన్నాడు: "ఏందిరా అల్లుడా, గుద్దుతలేదు? పెట్టె లోపల ఏమన్న ఉన్నదా, ఉత్త డొల్లనా?"

కొత్తది కదా మామా, వారం వాడితే వదులవుతుందని అబద్ధమాడాను.

"వదులు కానీకి చెప్పులారా ఇవి?"

అందరూ నవ్వారు. మూలన కుర్చీలో ఉన్న బాపు నవ్వలేదు, నా వైపు చూశాడు. తక్కెడ నా కళ్ల ముందు ఊగింది. అంతలో వంటింట్లోంచి అత్త గరిటె పట్టుకుని ఊడిపడింది.

"ఓ అయ్యా, ఆ డబ్బాను జర ఆపుండ్రి! గిన్నెలన్ని దుంకుతున్నయి! పప్పు గిన్నె పొయ్యి మీదికెల్లి జారుతున్నది!"

అంటే గుద్దుడంతా పోయి వంటింట్లో చేరిందన్నమాట. ఊఫరును జరుపుదామంటే వైర్లన్నీ దాని వీపులోంచే, ఒక్కటీ సాగదు. పెట్టెను జరపలేనివాడు మనిషినైనా జరపాలి కదా. ఇంటి యజమాని జాగా ఇదేనని నమ్మబలికి, మామకు వంటింటి గడపలో కుర్చీ వేశాను. కూర్చోగానే ముఖం విప్పారింది.

"ఇగో, గిప్పుడు గుద్దుతున్నది! ఇంతసేపు ఏడ పోయిందిరా?"

దాంతో సోఫా ఖాళీ. పెద్దమనుషులంతా టీవీకి వీపు పెట్టి, తిట్టిపోస్తున్న అత్త చుట్టూ గుమిగూడి, గిన్నెల మోతకు తలలూపారు. ముగ్గురు అక్కడే సెట్లకు మాట ఇచ్చారు. శాస్త్రం తెలియని జనం ఎంత మంచివాళ్లో.

చేవెళ్లలో బస్సు దిగాక బాపు అన్నాడు: "కొలిచినంక పిడికెడు కొసరు ఎయ్యకుంటే దుకాణమంటరా కొడుకా? గజం వైరు కాడ కక్కుర్తి పడి మీ మామను వంటింట్ల కూసోబెడ్తివి." షట్టరు దించమని మాత్రం అనలేదు.

మర్నాడే కొసరుతో సహా వైరు పట్టుకుపోయి, స్పీకర్లను వెనక గోడకు చేర్చి, సోఫాను దాని జాగాలో పెట్టి మామను పిలిచాను. రానన్నాడు. ఒక చెవికి పాట, ఇంకో చెవికి అత్త మాట, చేతిలో ఆమె అంటగట్టిన ఉల్లిగడ్డలు. ఈడనే మంచిగున్నది పో అన్నాడు. చనిపోయేదాకా పాట వింటే ఆ గడపలోనే కూర్చుని విన్నాడు.

మొన్న బామ్మర్ది గదిలో, చప్పుడు అటూ ఇటూ దాటకుండా గోడల నిండా మెత్తలు, తలుపు చుట్టూ రబ్బరు. ఇంజనీరు పాకడం ముగించి తలుపు మూసి వినిపించాడు. బాగుంది. నేను జన్మలో అమ్మిన సెట్లన్నీ కలిపినా అంత బాగుండదు, ఒప్పుకోవడానికి ఒళ్లు మండుతుంది గానీ. పాట మధ్యలో మా బామ్మర్ది ఫోను తీసి, గోడకు అవతల వంటింట్లో ఉన్న తన భార్యకు చాయ్ కావాలని మెసేజ్ పెట్టాడు. జవాబుగా ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. అవతల ఆమె ఏమని తిట్టుకుందో, అంత ఖరీదైన గదిలో కూర్చున్న మాకు ఒక్క ముక్క వినపడలేదు.