గోడ పక్కన గునుగు

పత్తి చేలో కలుపు తీసే బాధ తప్పించుకోవడానికి ఊరొదిలిపెట్టి, పట్నంలో ఇంకొకరి ఇంటి ముందు కలుపు తీసే కొలువులో చేరిన తెలివిగలవాణ్ని ఆ రోజుల్లో బహుశా నేనొక్కణ్నే అయ్యుంటాను. మాది మరిపెడ దగ్గర పల్లె. డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగిలిపోయి, ఇంట్లో మా నాయిన ముఖం చూడలేక, భూపాలపల్లిలో కొత్త ఇళ్ల ముందు లాన్లు వేసే ఒకాయన దగ్గర కుదిరాను. ఆయన్ని అందరూ లాన్ మేస్త్రి అనేవారు. చేరిన రోజే నాకొక ఆకుపచ్చ టీషర్టు ఇచ్చాడు. దాన్ని తొడుక్కుని ఊరికి వెళితే, ఫారెస్టు డిపార్ట్‌మెంటులో ఉద్యోగం వచ్చిందనుకుని మా వాడకట్టువాళ్లు కుర్చీ వేశారు (నేనూ కాదనలేదు, కుర్చీ బాగుంది).

ఆ ఏడు శ్రావణంలో, నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉన్నప్పుడు, మేస్త్రి మొదటిసారి నన్నొక ఇంటికి ఒంటరిగా పంపాడు. "రేపు గడ్డి వస్తది. ఇయ్యాల జాగ మొత్తం సాపు చెయ్. నా ఇజ్జత్ తియ్యకు" అన్నాడు. ఇంటాయన బొగ్గు గనిలో ఉద్యోగి. డ్యూటీకి ఆలస్యమవుతోందేమో, చేతిని గాల్లో ఒక చుట్టు తిప్పి "మొత్తం తీసెయ్ తమ్మీ" అని బండెక్కి వెళ్లిపోయాడు. జామచెట్టును, మందారాన్ని వదిలేశాను (ఆ మాత్రం జ్ఞానం ఉంది). ఇక గోడ పక్కన చూస్తే, మోకాలెత్తు గునుగు! బతుకమ్మ పేర్చాలంటే గునుగు పువ్వు లేనిదే మా వైపు పని జరగదు. కానీ పత్తి రైతు కొడుక్కి గునుగు ఆ తొమ్మిది రోజులే పువ్వు, మిగతా ఏడాదంతా కలుపు. అది వరుసల్లో నిలబడి ఉండటం నేను గమనించకపోలేదు. మా చేలో గునుగుకి అంత క్రమశిక్షణ ఎప్పుడూ లేదు. పట్నంలో కలుపు కూడా పద్ధతిగా మొలుస్తుంది కాబోలు అనుకుని, పద్ధతిగానే పీకి, మోపు కట్టి పక్కింటి గేదెకు వేశాను. గేదె నన్ను మెచ్చుకున్నట్టే కనిపించింది.

మర్నాడు చాపల్లా చుట్టిన మెక్సికన్ గడ్డి వచ్చింది, పరిచేశాం. మూడో రోజు ముసురు విడిచి ఎండ కాసింది. నేను పైపుతో నీళ్లు పెడుతూ ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చూస్తున్నప్పుడు, ఇంటాయన తల్లి సంచితో ఆటో దిగింది. కోడల్ని తోడు తీసుకుని మహదేవపూర్‌లో తన కూతురింటికి వెళ్లి వస్తోందట.

"గడ్డి మీద నడువకు అవ్వా, ఇంక నాటుకోలే" అన్నాను ఇంజనీరులా.

ఆమె నడవలేదు. గేటు దగ్గరే నిలబడి గోడ వైపు చూసింది. "నా గునుగేది బిడ్డా?"

"పీకేసిన అవ్వా. ఒక్కటి గూడ ఇడువలే" అన్నాను. ఇంత గర్వంగా నేను జీవితంలో ఇంకేమీ చెప్పలేదు.

అవ్వ గేటు పక్కనే కూలబడింది. ఆటో డబ్బులిస్తున్న కోడలు పరుగెత్తుకొచ్చి లేపుతూ, నాకు వినపడేలా అసలు సంగతి చెప్పింది. వాళ్ల ఊరు ఓపెన్‌కాస్ట్ గని కింద పోయింది. ఖాళీ చేసే రోజున అందరూ తలుపులూ దూలాలూ ఊడదీసుకుంటుంటే, ఈమె తన చేను గట్టు మీది గునుగు గింజలు కొంగున ముడేసుకుని వచ్చింది. "ఊరు సూడవోదామంటే ఆడ బొంద తప్ప ఏం లేదు తమ్మీ. గీ గునుగు సూసుకునే ఊరనుకునేది" అంది కోడలు. అవ్వేమో "ఇత్తనం గూడ దాసుకోకపోతిని. ఇంటి ముంగటనే ఉన్నది గదా, యాడికి పోతదనుకున్న" అని తనను తానే తిట్టుకుంది. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

బతుకమ్మ దగ్గర పడుతుంటే నాకు అన్నం సహించలేదు. బస్సెక్కి మా ఊరికి పోయి గునుగు కావాలన్నాను. మా నాయిన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "గడ్డిమందు కొట్టినంక గునుగెక్కడిది? పదేండ్లు పీకుమంటే పీకకపోతివి, గిప్పుడు బస్సెక్కి అడుగవస్తివా?" తిరుగు ప్రయాణంలో మానుకోట బజారులో రెండు కట్టలు కొన్నాను. నలగకుండా వాటిని తల మీదికి ఎత్తి పట్టుకుని నిలబడితే, "బతుకమ్మ ఆడుతవా తమ్మీ?" అని కండక్టర్ అడిగాడు. బస్సంతా నవ్వింది. నవ్వనిమ్మనుకున్నాను, నాకది కావాల్సిందే.

అవ్వ ఆ కట్టలు నిమిరి "మంచిగున్నయ్ బిడ్డా" అంది. "తిన్నవా?" అని అడిగి, వద్దన్నా వినకుండా అన్నం పెట్టింది. కోడలు వాటితోనే బతుకమ్మ పేర్చింది. వాడకట్టు ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతుంటే, అవ్వ మాత్రం మెట్టు మీంచి లేవలేదు. పండగ పూట ఆమెను అలా కూర్చోబెట్టింది నేనే. ఆ చలికాలంలోనే ఆమె పోయింది. లాన్ కత్తిరించడానికి వెళ్లినప్పుడు ముందు గదిలో దండ వేసిన ఫొటో చూసి తెలుసుకున్నాను.

మళ్లీ వానలు పడ్డాయి. "ఆ ఇంట్ల లాన్ల పిచ్చిమొక్కలు లేచినయట, పో" అన్నాడు మేస్త్రి. వెళ్లి చూస్తే గోడ పొడుగునా గడ్డి చాపల అతుకుల్లోంచి గునుగు. ఏళ్లుగా రాలిన గింజలు మట్టిలోనే ఉంటాయన్న సంగతి ఆ దుఃఖంలో అవ్వకు తట్టలేదు, ఆ సిగ్గులో నాకూ తట్టలేదు. ఒక్క ఏడాది ఆగి ఉంటే ఆమే చూసేది.

ఇంటాయనకు తెలియదేమోనని దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పాను. "అన్నా, గివి పిచ్చిమొక్కలు కావు. అవ్వ గునుగు."

ఆయన వాటి వైపు చూడకుండానే అన్నాడు. "ఎరుకే తమ్మీ. ఆనాడు మొత్తం తీసెయ్యుమన్నది నేనే గదా. రోజు డ్యూటీకి పోంగ గవే కండ్ల వడుతున్నయ్. నాతోని ఐతలేదు. తీసెయ్."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. నేను కూర్చుని పని మొదలుపెట్టాను. సన్నగా వాన పడుతోంది కాబట్టి ముఖం తుడుచుకున్నా ఎవరూ పట్టించుకోలేదు. అయితే, ఆ రోజు ఒక్క మొక్కనూ వేరుతో పీకలేదు. అన్నిటినీ పైపైన తుంచి, నీటుగా సాపు చేసినట్టు కనిపించేలా సర్ది వచ్చాను. అట్లా తుంచిన గునుగు వారం తిరక్కుండా రెండింతల గుబురుగా చిగురిస్తుందని పత్తి చేలో పెరిగినవాడికి వేరే చెప్పాలా! ఇంత దొంగపని చేశాను కదా, ఫిర్యాదు వస్తుంది, మేస్త్రి ఆకుపచ్చ టీషర్టు విప్పించి ఊరికి పంపేస్తాడని నెలరోజులు బిక్కుబిక్కుమంటూ గడిపాను. అప్పటి నా భయం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎందుకంటే, ఆ ఇంటి నుంచి మాకు మళ్లీ పిలుపు రాలేదు. దసరా ముందు ఒకసారి నేనే ఉండబట్టలేక ఆ వీధిన వెళ్లాను. గోడ మీంచి తెల్లగా గునుగు తొంగి చూస్తోంది. డ్యూటీ బట్టల్లో ఉన్న ఇంటాయన పైపు పట్టుకుని దానికి నీళ్లు పెడుతున్నాడు.