నలభై ఒకటో రూలు

రూల్సమ్మకి తుమ్మొస్తే, ఆ తుమ్ము ఏ రూలు కిందకి వస్తుందో చూసుకున్నాకే తుమ్మేదని పిల్లలు చెప్పుకునేవారు. నమ్మకండి, అది ఉత్త కోత. తుమ్మేశాకే చూసుకునేది.

ఆవిడ అసలు పేరు మెడలో వేలాడే ఆసుపత్రి కార్డు మీద ఉండేది. కానీ ఆ కార్డు దాకా తలెత్తి చూసే ధైర్యం ఎవరికుంది? నర్సింగు ఆఖరి ఏడాదిలో మనవాళ్ళు ఎనిమిదిమంది ఏటా ఆ పరాయి దేశపు ఆసుపత్రికి ఆర్నెల్ల ట్రైనింగుకి వెళ్ళేవారు. వాళ్ళకి సూపర్‌వైజరు రూల్సమ్మ. ముప్పై ఏళ్ళ కిందట తనూ అలాగే పెట్టె పట్టుకుని వచ్చి, అక్కడే ఉండిపోయిన మనిషి. చంకలో ఎప్పుడూ నీలం అట్ట పుస్తకం. అందులో అరవై రూల్సు, అన్నీ తన దస్తూరీలోనే.

ఆ ఏడు వచ్చినవాళ్ళలో అందరికన్నా పొట్టిది పిచ్చుక. ఆ పేరు స్నేహితురాళ్ళు పెట్టింది. వాళ్ళమ్మ ఇరవై ఏళ్ళుగా ఒక ఆసుపత్రిలో ఆయా, నర్సుల వెనకాల ట్రేలు మోసీ మోసీ భుజం అరిగిపోయిన మనిషి. "నువ్వు నర్సువై తిరిగి రా, నీ ట్రే కూడా నేనే మోస్తాను" అని కూతుర్ని విమానం ఎక్కించింది.

దిగిన రోజే పిచ్చుకకి రూల్సమ్మ రుచి తెలిసొచ్చింది. చేరిక కాగితాల మీద గబగబా సంతకం పెట్టి ఇస్తే, ఆవిడ కళ్ళజోడు మీంచి చూసింది.

"రూల్ నంబర్ రెండు. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకూడదు. చదివావా అమ్మాయ్?"

"చదివానండీ."

"పదకొండో పేజీలో ఏముంది?"

"అదే... క్రమశిక్షణ గురించండీ."

"ఉన్నవి తొమ్మిది పేజీలే. కూర్చో. గట్టిగా చదువు, నేనూ వింటాను."

పాపం, గొంతు బొంగురుపోయేదాకా చదివింది.

పధ్నాలుగో రూలు ప్రకారం డ్యూటీ బూట్లు కిర్రుమనకూడదు. పొద్దున్నే ఎనిమిదిమందినీ కారిడార్లో వరసగా నడిపించి, కళ్ళు మూసుకుని వినేది. "మూడో అమ్మాయ్, ఎడమ బూటు!" అనేది. ఒక్కసారీ గురి తప్పలేదు. ఎనిమిదో రూలు ప్రకారం, అక్కడి భాషలో "నొప్పిగా ఉందా?" అని అడగడం రానివాళ్ళు బస్సు నంబర్లు నేర్చుకోకూడదు. ఒకమ్మాయికి అది నోరు తిరగక, వారం రోజులు ఆసుపత్రికి నడిచే వచ్చింది.

ముప్పై ఒకటో రూలయితే మరీ విడ్డూరం. ఇంటికి ఫోను చేసి "తిన్నాను" అని చెప్పాలంటే ముందు తినాలి. ఒకరోజు పిచ్చుక మెట్ల దగ్గర ఫోన్లో "ఆ, తిన్నానే అమ్మా" అంటోంది. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఫోను లాక్కుంది.

"అమ్మా, నేను సూపర్‌వైజర్ని. మీ అమ్మాయి తినలేదు. తిన్నాక చేస్తుంది." టక్కున పెట్టేసింది.

ఇరవై రెండో రూలు: కారిడార్లో ఏడవకూడదు. ఏడవాలనిపిస్తే దుప్పట్ల గదిలోకి వెళ్ళి, పది నిమిషాలు ఏడ్చి, మొహం కడుక్కుని రావాలి. "ఏడుపుకి కూడా టైం టేబులా తల్లీ!" అని పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ నవ్విన ఎనిమిదిమందీ మొదటి నెల తిరక్కుండానే ఆ గది చూసొచ్చారనుకోండి, అది వేరే సంగతి. గదిలో ఒక మెత్తటి స్టూలు, డబ్బా నిండా బిస్కట్లు ఉండేవి. అవి ఎవరు పెడతారో ఎవరికీ తెలీదు.

ఆ పుస్తకంలో మూడు నంబర్లు మాత్రం ఖాళీ. నలభై ఒకటి, నలభై ఏడు, యాభై మూడు.

"వీటిల్లో ఏమీ లేదేంటి మేడమ్?" అని పిచ్చుక అడిగింది.

"అవి ఖాళీగా ఉండాలి. ఖాళీగా ఉన్నవాటి గురించి అడక్కూడదు."

"అది ఎన్నో రూలండీ?"

"బూట్లు చూపించు."

అన్నిటిలోకీ భయంకరమైనది అయిదోది. అది శిక్షణ కార్యాలయం వాళ్ళు పట్టుబట్టి రాయించింది. సూపర్‌వైజరో, వార్డు నర్సో కళ్ళెదుట లేకుండా విద్యార్థి రోగిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ట్రైనింగు రద్దు, తిరుగు విమానం. ఎనిమిదిమందికీ అది నిద్రలో లేపినా వచ్చు.

ఇక నెల రోజుల్లో ట్రైనింగు ముగుస్తుందనగా, ఒక మధ్యాహ్నం మూడు గంటలకి పిచ్చుక వార్డులో కూర్చుని నోట్సు రాసుకుంటోంది. వార్డు నర్సు పక్క గదిలో ఫోన్లో ఉంది. రూల్సమ్మ పై అంతస్తులో ఉంది. కిటికీ పక్క మంచం మీది పెద్దాయన, రిటైరయిన దర్జీ, ఆరడుగుల మనిషి, తుంటికి ఆపరేషనయి నాలుగు రోజులే అయింది. కళ్ళజోడు కింద పడిందని వంగాడు. వంగినవాడు వంగుతూనే ఉన్నాడు.

పిచ్చుకకి అయిదో రూలు గుర్తుకొచ్చింది. తిరుగు విమానం గుర్తుకొచ్చింది. అమ్మ భుజమూ గుర్తుకొచ్చింది. ఇవన్నీ గుర్తుకొస్తూండగానే కాళ్ళు పరిగెత్తేశాయి. పెద్దాయన్ని వాటేసుకుంది. ఆ బరువుకి ఇద్దరూ మెల్లగా నేలమీదకి జారి కూలబడ్డారు, పిల్ల కింద, ఆయన పిల్ల ఒళ్ళో. అప్పుడు వార్డంతా అదిరేలా ఒక్క కేక పెట్టింది.

"మేడమ్! ముట్టుకున్నానండీ! ముట్టేసుకున్నాను మేడమ్!"

పెద్దాయనకి చీమ కుట్టినంత దెబ్బ కూడా తగల్లేదు. కానీ జరిగింది కాగితం మీదకి ఎక్కాలి కదా, ఎక్కింది. మూడోరోజు శిక్షణ కార్యాలయం నుంచి అధికారి దిగాడు. పిచ్చుక అప్పటికే పెట్టె సర్దేసుకుంది. జడపిన్ను రంగు తేడాగా ఉందని ఒక పిల్లని హాస్టలుకి వెనక్కి పంపిన రూల్సమ్మ, తనని వెనకేసుకొస్తుందా! కల్ల.

బల్లకి అటు అధికారి, ఇటు రూల్సమ్మ. మధ్యలో పిచ్చుక.

"ఈ అమ్మాయి రోగిని ముట్టుకుందా?" అన్నాడు అధికారి.

"ముట్టుకుంది."

"అప్పుడు మీరక్కడ ఉన్నారా?"

"లేను."

"వార్డు నర్సు?"

"లేదు."

అయిపోయింది, అనుకుంది పిచ్చుక. నిజం చెప్పడంలో కూడా ఈవిడకి తొందరే!

"అయితే అయిదో రూలు తప్పినట్టేగా?"

"తప్పింది. నలభై ఒకటో రూలు ప్రకారం తప్పాలి."

పిచ్చుక ఉలిక్కిపడింది. నలభై ఒకటి ఖాళీ కదా! రూల్సమ్మ నీలం పుస్తకం తెరిచి, తాపీగా చదివింది. "పడిపోతున్న మనిషిని పట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పట్టుకున్నాక సాయం కోసం అరవాలి."

అధికారి తన ప్రతి తిరగేశాడు. "ఇందులో నలభై ఒకటి ఖాళీగా ఉందే! ఎప్పుడు రాశారిది?"

"మొన్న, మూడూ పదికి."

"ఆయన పడింది మూడింటికి!"

"అవునండీ. మెట్లు దిగి, ఇద్దర్నీ లేపేసరికి పది నిమిషాలు పట్టింది. మోకాళ్ళ నొప్పులు."

"జరిగిపోయాక రూలు రాస్తారా! ఎవరిచ్చారు మీకా అధికారం?"

"మొదటి పేజీ, ఆఖరి వాక్యం చూడండి."

ఆయన చూశాడు. "ఖాళీ నంబర్లను సూపర్‌వైజరు అవసరాన్ని బట్టి నింపవచ్చు. అవసరం పుట్టిన గంట నుంచి అది అమలులో ఉన్నట్టే." కింద కార్యాలయం ముద్ర, సంతకం. ఆ సంతకాన్ని ఆయన వేలితో తడిమి చూశాడు. పదకొండేళ్ళ కిందటిది. తనదే.

"నేనిది... ఇలా ఉందని..."

"రూల్ నంబర్ రెండండీ," అంది రూల్సమ్మ మర్యాదగా. "చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకూడదు."

అధికారి దగ్గాడు. దగ్గు నవ్వులోకి తిరిగింది. ఫైలు మూసి, "ఈ అమ్మాయి ట్రైనింగు పూర్తి చేసుకోవచ్చు" అని రాసి, రాసింది రెండుసార్లు చదువుకుని మరీ సంతకం పెట్టాడు.

ఆయన వెళ్ళాక పిచ్చుక ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో రూల్సమ్మ చెయ్యి పట్టుకోబోయింది.

"ఆగు. నలభై ఒకటో రూలు రెండో సగం తప్పావు నువ్వు. 'సాయం' అని అరవాలి గానీ, 'ముట్టుకున్నాను' అని అరుస్తారుటే? పద దుప్పట్ల గదిలోకి. పదిసార్లు 'సాయం' అని అరిచి ప్రాక్టీసు చెయ్యి."

నడుస్తూ పిచ్చుక అడిగింది. "మిగతా రెండు ఖాళీలు ఎవరికి మేడమ్?"

"ఇంకా రాని పిల్లలకి. ఎవరెవరు ఏమేం తెలివితక్కువ పనులు చేస్తారో అన్నీ ముందే నాకెలా తెలుస్తాయే? ఆ ఇరవై రెండో రూలూ ఒకప్పుడు ఖాళీయే. ఒక పిల్ల కారిడార్లో ఏడుస్తోందని పైవాళ్ళు గొడవ చేస్తే రాశాను. ముప్పై ఒకటోది ఇంకోపిల్ల కోసం. కళ్ళు తిరిగి పడిపోయింది, జేబులో ఫోను, ఫోన్లో వాళ్ళమ్మకి 'తిన్నాను' అని మెసేజి." రూల్సమ్మ దుప్పట్ల గది తలుపు తీసి, బిస్కట్ల డబ్బా కదిపి చూసుకుంది. "అయిపోవచ్చాయి. రేపు పెట్టాలి. ఊఁ, మొదలుపెట్టు."

తలుపు మూసుకుంది. పిచ్చుక గొంతు సవరించుకుంది.

"సాయం!"

తలుపు తెరుచుకుంది. రూల్సమ్మ. "ఏమైంది?"

"ఏం లేదండీ. ప్రాక్టీసు."

"సరే."

"సాయం!" మళ్ళీ తలుపు తెరుచుకుంది. "ఏమైంది?" ఆరుసార్లు అరిస్తే ఆరుసార్లూ ఆవిడ వచ్చింది, మోకాళ్ళు పట్టుకుని, ప్రతిసారీ అదే ప్రశ్నతో. ఆ మోకాళ్ళు చూసి పిచ్చుకకి జాలేసింది. ఏడోసారి అరవకుండా స్టూలు మీద కూర్చుని బిస్కట్టు తీసుకుంది.

తలుపు దానంతటదే తెరుచుకుంది.

"ఏమే, ఆపేశావేం? ఇంకా నాలుగున్నాయి!"