పావు చుట్టు

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ ఇంటి కోడలు చేసిన మరమ్మతులన్నీ పట్టుకోవడమే. భర్త బల్బు మారుస్తుంటే బల్ల పట్టుకునేది, కుళాయి విప్పుతుంటే టార్చి పట్టుకునేది. ఆయన దేన్ని ఎటు తిప్పుతున్నాడో ఎన్నడూ గమనించలేదు. వెలుతురు సరిగా పడుతోందా అన్నదే ఆమె ధ్యాస. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. కుట్టుమిషను ముందు కూర్చుంటే మాత్రం ఎవరికీ తీసిపోదు.

భర్త పోయి ఏడు నెలలైంది. లేవడం, వండడం, గిన్నెలు తోమడం, దిండు గలీబులు కుట్టడం వాటంతటవే జరిగిపోతున్నాయి. ఏడుపు రాలేదు. ఎందుకు రావడం లేదని కూడా అనిపించలేదు. అత్తగారిదీ అదే వరస. "తిన్నావా?", "తిన్నాను", "గడియ పెట్టావా?", "పెట్టాను". ఇంతకు మించి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

అత్తగారికి మోకాలి ఆపరేషన్ చేసిన డాక్టరు రోజూ ఇరవై నిమిషాలు నడవాల్సిందేనన్నాడు. మానేస్తే కాలు బిగుసుకుపోయి మంచాన పడతారని తేల్చి చెప్పాడు. వీధిలోకి వెళ్తే ఎవరో ఒకరు ఆపి కొడుకు సంగతి ఎత్తుతారు. అందుకని ఆవిడ గడప దాటడం మానేసి, ముందుగదిలో కొడుకు కొన్న ట్రెడ్‌మిల్ మీదే నడిచేది.

ఒకరోజు అది కిర్రుమంది. కిర్రుమన్నదానికి నూనె వేయడం కోడలికి తెలిసిన విద్యే. కుట్టుమిషను నూనె తెచ్చి బెల్టు పైనా, చివర తిరిగే రోలరు మీదా ధారాళంగా పోసి గుడ్డతో రుద్దింది. మర్నాటికి కిర్రు పోయింది, దాంతో పాటు పట్టూ పోయింది. అత్తగారు అడుగు వేస్తే బెల్టు ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత గబుక్కున లాగింది. ఆవిడ తూలి, కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుంది. బెల్టు వదులైందనుకుంది కోడలు. బిగించడానికి వెనక రెండు బోల్టులున్నాయి. ఎడమది గోడకు ఆనుకుని ఉండి చెయ్యి దూరలేదు. అందిన కుడిదాన్నే మూడు చుట్లు బిగించింది. బెల్టు ఎడమకు పాకి, అంచు ఒరుసుకోవడం మొదలైంది.

మూడు రోజులు నడక లేదు. నాలుగో పొద్దున అత్తగారు గోడ పట్టుకుని, కాలు కర్రలా ఈడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చింది. కోడలు పొయ్యి కట్టేసి మెకానిక్‌కు ఫోన్ చేసింది.

"వచ్చే వారం దాకా రాలేనమ్మా. ఏం చేశారో చెప్పండి."

చెప్పింది.

"కుట్టుమిషను నూనా! నయమే, పొయ్యి మీద పెట్టి వేయించలేదు. దీని నూనె వేరమ్మా. అది కూడా పైన కాదు, బెల్టు ఎత్తి కింద పలక మీద వేయాలి. మీ సారు నా దగ్గరే పట్టుకెళ్లేవారు, ఆయన్నడగండి."

"ఆయన లేరు."

"వచ్చాక అడగండి."

"రారు" అంది కోడలు, అదే గొంతుతో.

మెకానిక్ గొంతులో వెటకారం పోయింది. తర్వాత అతను నెమ్మదిగా, ఒక్కొక్కటే చెప్పాడు. ప్లగ్గు పీకి, సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో నూనె తుడిచి, ఆరనివ్వాలి. కుడి బోల్టు బిగించినంతా వదులు చేయాలి. ఆపైన రెండువైపులా పావు చుట్టు. మనిషి ఎక్కకుండా తిప్పి చూసి, జారితే ఇంకో పావు. "ఆత్రపడకండమ్మా. బెల్టు నడిమికి రావడానికి టైం పడుతుంది."

"ఎడమ బోల్టు గోడ దగ్గరుందండీ."

"మిషను జరపాలి మరి."

"ఒక్కదాన్నే ఉన్నాను."

గుమ్మంలో నిలబడి వింటున్న అత్తగారు, "ఒక్కదానివేమిటే? నేనేమన్నా గోడ మీద బొమ్మనా?" అంది.

"మీ మోకాలు, అత్తయ్యా..."

"చేతులకేం ఆపరేషన్ కాలేదు. పట్టు."

చెరోవైపు పట్టి జానెడు జానెడు చొప్పున లాగారు. వెనక ఏళ్లనాటి దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంది.

"వారం వారం ఇక్కడ ఊడుస్తున్నానన్నాడు నాతో" అంది అత్తగారు.

"నాతోనూ అన్నారు."

"దొంగ వెధవ."

ఇద్దరూ ఆ దుమ్ము వైపు చూశారు. నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. కోడలు చీపురు తెచ్చింది.

మధ్యాహ్నం దాకా తుడిచింది. సొరుగులో దొరికిన అసలు నూనెను బెల్టు ఎత్తి పలక మీద సన్నగా వేసింది. కుడి బోల్టు మూడు చుట్లూ వదులు చేసింది. కుడి పావు, ఎడమ పావు. మిషను వేసి అరచేత్తో బెల్టును అదిమి చూసింది. ఇంకా జారుతోంది. మళ్లీ పావు, పావు. ఈసారి అదిమినా బెల్టు ఆగలేదు. బెల్టు వెంట్రుకవాసి చొప్పున నడిమికి జరుగుతుంటే, అది పూర్తిగా కుదురుకునే దాకా నేల మీదే కూర్చుంది.

అత్తగారు ఎక్కింది. అన్నిటికన్నా తక్కువ వేగం. మొదటి అడుగులకు కాలు బిర్రుగానే ఉంది. తొడ మీద చెయ్యి వేసి నొక్కుకుంటూ నడిచింది. నాలుగు నిమిషాలు, ఆరు. ఎనిమిదో నిమిషానికి చెయ్యి తొడ మీద నుంచి కమ్మీ మీదకు పోయింది.

"ఆపనా అత్తయ్యా?"

"ఆపకు. ఇప్పుడిప్పుడే వంగుతోంది."