మీటరుకు వచ్చిన భూకంపం

సందు చివర లాండ్రీ నడిపే కినుయో, బట్టలారబెట్టే గ్యాస్ యంత్రాలతో మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. మీట నొక్కి, వీపు తట్టి, చెవి ఆనించి వింటుంది: ముందు 'టిక్', వెనకాలే మంట అంటుకున్న 'భప్'. ఆ పండుగ మధ్యాహ్నం అన్నిట్లోనూ టిక్ వినిపించింది, భప్ మాత్రం లేదు. డ్రమ్ములు చల్లగాలితో తిరుగుతున్నాయి. లోపల ఉన్నవి వానకు తడిసిన పల్లకీ బోయీల నీలి అంగీలు. సాయంత్రం ఊరేగింపుకు అవే కావాలి.

"పెద్దమ్మా, తడి అంగీలతో దేవుణ్ణి మొయ్యమంటావా?" అన్నాడు బోయీల పెద్ద తోకుజి.

"నీ నోటి ఆవిరితో ఆరేటట్టయితే నిన్నే లోపల కూర్చోబెట్టేదాన్నిరా!"

ఆమె జాలీలో నూగు దులిపింది. పొగగొట్టంలో చెయ్యి దూర్చి, మోచేతి దాకా బూడిదరంగు పిల్లిలా తేలింది. అయినా వేడి రాలేదు. చివరికి బయటికెళ్ళి, భూమి కంపిస్తే దానంతటదే గ్యాస్ ఆపేసే మీటరు చూసింది. ఎర్రదీపం మినుకుమంటోంది. రేకు మీద కొత్త సొట్ట, దాని చుట్టూ అంటుకున్న బంగారు పూత.

"ఇవాళ భూకంపం వచ్చిందట్రా?"

"లేదే!"

"మీటరుకు వచ్చింది. పొద్దున బంగారు పల్లకీని ఊపుకుంటూ ఈ మలుపు తిప్పిందెవరు?"

తోకుజి నాలుక కరుచుకున్నాడు. ఆమె గ్యాస్ మళ్ళీ వదిలే మీటరు బొత్తాం నొక్కింది. దీపం ఆరేదాకా బోయీలందరూ మీటరు చుట్టూ మూగారు. లోపల 'భప్' అనగానే బోయీలు గెంతులేశారు.

సాయంత్రం వెచ్చటి అంగీలతో, వీధులదిరేలా అరుస్తూ వచ్చిన పల్లకీ, ఆమె మలుపు దగ్గర మునివేళ్ళ మీద నడిచింది. "వాస్షోయ్... వాస్షోయ్..." అంటూ పల్లకీ మోసే కేకను గుసగుసగా పలికారు బోయీలు.

"దేవుడు నిద్రపోతాడు, గట్టిగా అరవండర్రా!" అంది కినుయో, మీటరుకు వీపు అడ్డంపెట్టి.