మండపంలో ఏడ్చినావిడ

చేబ్రోలు పాత గుడి రాతి మండపంలో వచ్చీపోయేవాళ్లని ఫొటోలు తీసుకుని పొన్నూరు బస్సెక్కాను. కెమెరాలో వాటిని చూసుకుంటుంటే పక్క సీటులో పెద్దావిడ తొంగిచూసింది. ఫొటోలో స్తంభానికి తల ఆనించి, ఫోను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నది ఆవిడే.

"నేనే కదా బాబూ?"

తలూపాను.

"అప్పుడే ఫోనొచ్చింది, పొన్నూరులో మా చెల్లెలు పోయిందని."

రాతి మీద ఎండ బాగా పడిందని వరసగా ఫొటోలు తీశాను కానీ, "ఏమైందమ్మా?" అని అడగలేదు. సిగ్గేసింది.

"తీసేస్తానండి," అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ నాయనా. అప్పుడు నా దగ్గర ఎవరూ లేరనుకున్నాను. నువ్వున్నావన్నమాట."

పొన్నూరులో దిగేదాకా నా చెయ్యి వదల్లేదు. ఆ ఫొటోని ఇప్పటికీ ఎవరికీ చూపించలేకపోతున్నాను.