మంచు కురిసే ఊళ్లో మా పిన్ని మడులు

మా పిన్ని పోయిందన్న కబురు వచ్చేసరికి అమ్మా నేనూ మా ద్వీపంలోని అబర్డీన్ బజార్‌లో ఉన్నాం. ఆమె వచ్చాక వండిపెట్టడానికి ఎండు నెత్తళ్లు కొంటున్నాం. బాబాయి నాకు ఫోన్ చేసి ఏడుస్తూ హిందీలో చెప్పిన మాట అమ్మకి చెప్పాను. అమ్మ ఏడవలేదు. "ఆ చలే తినీసింది నా చెల్లిని" అంది.

పిన్ని ఇక్కడే హోప్ టౌన్‌లో, చేపలు పట్టుకు బతికే ఇంట్లో పుట్టింది. నర్సు ఉద్యోగానికని హిమాచల్ కొండల్లోకి వెళ్లి, అక్కడి రైతుని పెళ్లి చేసుకుంది. మొదటి ఏడాది మా ద్వీపంలోలాగే వానలు తగ్గగానే వంగ, బెండ, టమాటా నాటిందట. ఒక్క రాత్రి మంచుకి అన్నీ నల్లబడి వాలిపోయాయి. "చలి కూడా కాలుస్తాదని నాకేటి తెలుసక్కా" అని ఫోన్లో ఏడ్చింది. ఆ తర్వాత అత్తగారి వెనకాలే తిరిగి అన్నీ నేర్చుకుంది. మంచు పడకముందే వెల్లుల్లి రెబ్బలు పాతడం, బంగాళాదుంపలు గోతిలో దాచడం, లేత ఆపిల్ మొక్కల మొదళ్లకి గోనెలు చుట్టడం.

నేనొకసారి వెళ్లినప్పుడు నా చేతా వెల్లుల్లి పాతించింది. మడి మీద ఎండుగడ్డి మందంగా పరిచి, పసిపిల్లని జోకొట్టినట్టు తట్టింది. ఏ మడి కప్పినా అలాగే తట్టేది. "బతికిందో లేదో అని తవ్వి చూడకూడదే. చూశావా, అప్పుడు చచ్చిపోద్ది" అంది. నా జీవితంలో చాలా విషయాలకి ఆ మాట పనికొచ్చింది.

ఈమధ్య పిన్నికి ఊపిరి అందడం లేదు. చలికాలం అక్కడ ఉండొద్దని డాక్టరు చెప్పాడు. అమ్మ ఆస్టినాబాద్‌లోని మా ఇంట్లో గది సిద్ధం చేసింది. టికెట్లు కూడా తీశాం. పిన్నే వాయిదా వేసింది. "మడులు కప్పీసి వచ్చీస్తానక్కా. బస్, అంతే, ఇంకొక్క వారం" అంది.

ఆ వారంలోనే మంచు ముందుగా కురిసింది. దగ్గుతూనే గోనెలు పట్టుకుని తోటలోకి వెళ్లింది. జ్వరం వచ్చింది. రోడ్డు మూసుకుపోయింది, కిందికి ఆసుపత్రికి తీసుకురాలేకపోయారు. మేమూ వెళ్లలేకపోయాం.

"ఆపలేకపోయావా?" అని అమ్మ ఫోన్లో బాబాయిని హిందీలోనే నిలదీసింది.

"ఆపాను దీదీ. నా చేతిలోంచి గోనెలు లాక్కుని మరీ వెళ్లింది."

అమ్మ ఫోన్ పెట్టేసింది. మళ్లీ అతనితో మాట్లాడలేదు. ఎవరి తప్పని నన్నడిగితే చెప్పలేను. పరాయి ఊళ్లో పిన్నిని నిలబెట్టింది ఆ తోటే. కదలనివ్వనిదీ అదే.

రోడ్డు తెరిచాక బాబాయి అస్థికలు తీసుకుని వచ్చాడు. అతను సముద్రం చూడటం అదే మొదటిసారి. హోప్ టౌన్ ఒడ్డున, ఉన్ని టోపీతో, బూట్లతో, అలలకి దూరంగా నిలబడిపోయాడు. దారంతా అతన్ని పలకరించని అమ్మ నీళ్లలోంచి వెనక్కి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "రా భయ్యా" అంది. ఇద్దరూ మోకాళ్ల లోతుకి వెళ్లి కలశం వంచారు.

అమ్మ ఒడ్డుకి తిరిగింది. బాబాయి కదల్లేదు. వంగి రెండు చేతులూ నీళ్లలో పెట్టి అలాగే ఉండిపోయాడు.

"చలికాలంలో కూడా ఇంత వెచ్చగా ఉంటుందా దీదీ?" అన్నాడు.

అమ్మ తడిచీరతో తిరిగి వెళ్లి అతని పక్కన నిలబడింది.