చిన్నాయన కట్టిన విమానం తోక

చిన్నాయన పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను మండీలో నా సరుకుల బండిలోంచి మామిడికాయలు దించుతున్నాను. "నిద్దర్లోనే పోయినాడు నాయనా, రా" అంది చిన్నమ్మ. నగరి దాకా బండి తోలుకుంటూ ఏడ్చాను. మధ్యలో నవ్వొచ్చింది కూడా. ఆయన్ని తలుచుకుంటే నవ్వు రాకుండా ఉండదు, ఎందుకో మీకూ చెబుతాను.

మరమగ్గాలు అమ్మేశాక ఖాళీ అయిన షెడ్డులో ఆయన మనిషెక్కి ఎగిరే చిన్న విమానం కట్టడానికి పూనుకున్నాడు. అలా ఇంట్లో కట్టుకునే విమానాల సామాను పెట్టెల్లో వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. మొదట తోక పెట్టె తెప్పించుకుంటారట, చేతకాకపోతే అక్కడితో మానుకోవచ్చు. "తోక కొనుక్కొచ్చినోడు యాడన్నా ఉండాడా?" అని చిన్నమ్మ వీధంతా వినేలా అడిగింది. "ముందు తోక కుదరనీ, తల సంగతి ఆనక సూద్దాం" అన్నాడాయన.

తోకకు అటొకటి ఇటొకటి కదిలే రెక్కలుంటాయి. నడిపేవాడు కర్ర లాగితే అవి పైకి లేస్తాయి, విమానం ముక్కెత్తుతుంది. సన్నటి గొట్టాల చట్రం మీద గుడ్డ అంటించి, ఇస్త్రీపెట్టెతో కాక చూపిస్తే బిగుసుకుంటుంది. గుడ్డ పని అనేసరికి చిన్నాయనకు పట్టపగ్గాల్లేవు. వేలితో తట్టి చప్పుడు వినేవాడు, నచ్చకపోతే మొత్తం ఊడదీసేవాడు. ఆ గుడ్డను చట్రానికి కుట్టేటప్పుడు ఇటునుంచి ఆయన పొడవాటి సూది గుచ్చితే అటునుంచి చిన్నమ్మ అందుకుని తిరిగి పంపాలి. తిడుతూనే పంపేది. అంత సంతోషంగా దెప్పుకునే మొగుడూపెళ్లాలను నేనింకెక్కడా చూడలేదు.

రెండు రెక్కలూ పూర్తయ్యాక బిగించబోతే ఒకటి కుదరలేదు. కర్ర నుంచి వచ్చే తీగ తగిలించే కొక్కెం కిందికి ఉండాల్సింది పైకి వచ్చింది. ఆయన రెండూ ఎడమవైపువే చేశాడు.

"జతంటే రెండూ ఒకే మాదిరి ఉండాల గదప్పా. ఇన్నేండ్లూ అట్నే గదా నేసింది" అన్నాడు నాతో, బిక్కమొహం వేసుకుని.

"పంచెల జత నేసినాడు మీ చిన్నాయన" అని చిన్నమ్మ నేలమీద కూలబడి నవ్వింది. చివరికి ఆయనా నవ్వాడు. మరునాడే కుడివైపుది మొదలుపెట్టాడు.

అది సగంలో ఉండగా, గుండె బలహీనంగా ఉందని, విమానం నడపడం ఈ జన్మకు కుదరదని డాక్టరు తేల్చేశాడు. ఇక మానేస్తాడనుకున్నాను. "ఎగరకపోతే పోనీలేప్పా. కర్ర పట్టుకుంటే గాలి సేతికెట్ల తగులుతాదో ఒక్కసారి సూడాల నాకు" అన్నాడు. దేనికీ ఎక్కువసేపు మొహం వేలాడేయని ఆ మనిషిని చూసుకునే నేను నా కష్టాలన్నీ దాటాను.

తోక పూర్తయిన వారం దాన్ని నా బండి మీద, క్యాబిన్ కంటే ఎత్తున బిగించి, రెక్కల తీగలు కిందికి తెచ్చి ఒక కర్రకు తగిలించాం. వెనకాల కుర్చీ వేసుకుని చిన్నాయన, ఆయన్ని పట్టుకోవడానికని చిన్నమ్మ కూర్చున్నారు. పుత్తూరు రోడ్డెక్కాక ఆయన క్యాబిన్ మీద దబదబా బాదాడు, ఇంకా తొక్కమని. తొక్కాను.

"తోస్తా ఉండాది సూడే" అని అరిచాడు. "గాలి నా సేతిని తోస్తా ఉండాది. నువ్వూ పట్టుకో."

నేను అద్దంలో చూశాను. పైన రెండు రెక్కలూ ఒకేసారి లేచి, ఒకేసారి దిగుతున్నాయి. "ఇంక ఇయ్యే" అని చిన్నాయన చెయ్యి చాపి అడుగుతున్నాడు. చిన్నమ్మ కొంగు నోట కరుచుకుని, రెండు చేతులా కర్ర పట్టుకుని, ఇవ్వడం లేదు.